టెక్ సందేహాలు: ఉప్పు పట్టిన బోర్డుకు ఆల్కహాల్ ఒక్కటే చాలదు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం సర్క్యూట్ బోర్డుల శుభ్రత గురించే. అన్నీ గోదావరి డెల్టా ఊళ్ళ నుంచే వచ్చాయి. ఉప్పుగాలి, వరద ఒండ్రు, ఓ పట్టాన ఆరని తేమ ఉన్నచోట ఈ ప్రశ్నలు రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. భీమవరం ప్రశ్నతో మొదలుపెడతాను. తక్కినవాటికి సగం జవాబు అందులోనే ఉంది.

మా రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డులో, నీటికి గాలి పట్టించే ఏరేటర్లను నడిపే ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టె ఉంది. లోపలి బోర్డుకు పచ్చగా చిలుము పట్టింది. మొబైల్ దుకాణంలో ఐపీఏ అనే ద్రవం ఇస్తే దానితో తుడిచాను. కొన్నాళ్ళకే మళ్ళీ తెల్లటి పొర కట్టింది. నాకు ఇచ్చింది నకిలీ ద్రవమా?
– ఒక ఆక్వా రైతు, భీమవరం దగ్గర

ద్రవం అసలుదే కావచ్చు. అది కరిగించలేని మురికి మీద మీరు దాన్ని వాడారు. ఐపీఏ అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. జిడ్డును, సోల్డరింగ్ తర్వాత మిగిలే ఫ్లక్స్ అనే బంకను బాగా కరిగిస్తుంది. ఉప్పు జోలికి మాత్రం దాదాపుగా పోదు. మీ ఏరేటర్ల చక్రాలు రాత్రంతా చెరువు నీటిని చిమ్ముతుంటాయి. ఆ తుంపరలోని ఉప్పు గాలితో పాటు పెట్టెలోకి చేరుతుంది. మీరు తుడిచినప్పుడు అది బోర్డు మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు జరిగింది, అంతే. ఉప్పుకు గాలిలోని తేమను పట్టుకునే గుణం ఉంది. ఆ తేమ పల్చటి పొరగా మారి, అందులోంచి కరెంటు పారితే రాగి గీతలు కొద్దికొద్దిగా తినేసుకుపోతాయి. పచ్చగా కనిపిస్తున్నది ఆ రాగే.

ఉప్పును తీయాల్సింది నీరే. బోర్డును నీటితో కడగమంటే చాలామంది ఉలిక్కిపడతారు కానీ, సోల్డరింగ్ అయ్యాక బోర్డులను నీటితో కడిగే ఫ్యాక్టరీలు ఎన్నో ఉన్నాయి. బోర్డులో కరెంటు ఉండగా తడి తగిలినా, నీరు ఆరిపోయి అందులోని లవణాలు బోర్డు మీద మిగిలినా చేటు. అందుకే బోరు నీళ్ళు వద్దు. మీ ప్రాంతంలో బోరు నీరే ఉప్పన. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ కొనండి. పెట్రోలు బంకుల్లోనూ, బ్యాటరీ దుకాణాల్లోనూ దొరుకుతుంది. దుకాణంలో దాని పక్కనే బ్యాటరీ యాసిడ్ డబ్బాలు కూడా ఉంటాయి. లేబులు చదివి తీసుకోండి.

ఈ పని ఎండ బాగా ఉన్న రోజు మధ్యాహ్నం పెట్టుకోండి. చెరువులో ప్రాణవాయువు తెల్లవారుజామున అట్టడుగుకు పడిపోతుందని నాకంటే మీకే బాగా తెలుసు. రాత్రికి ఏరేటర్లు నడపడానికి మామూలు చేతి స్టార్టరు సిద్ధంగా ఉంచుకోండి. అది లేకపోతే బోర్డు విప్పకండి.

విప్పే ముందు మెయిన్ దింపి, ఫ్యూజులు తీసి జేబులో వేసుకోండి. మీది త్రీఫేజ్ 415 వోల్టుల లైను. కరెంటు పోగానే తనంతట తానే స్టార్టయ్యే జనరేటర్ ఉంటే, ముందుగా దాని ఆటో స్విచ్ ఆపాలి. మెయిన్ దింపాం కదా అనుకునేవారిని ముంచేది ఇదే. లైను చచ్చిందని టెస్టరుతో చూసి తేల్చుకోవాలి. ఈ భాగం ఎలక్ట్రీషియన్‌తో చేయించుకుంటే నాకు ఇంకా నిశ్చింత.

వైర్లు ఊడదీసే ముందు ఫోనులో ఫొటో తీసుకోండి. బోర్డు మీద బిళ్ళ బ్యాటరీ ఉంటే తీసేయండి. రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్చులు), బజరు, ట్రాన్స్‌ఫార్మర్, తెర ఉన్న బోర్డును నీటిలో ముంచకూడదు. వాటిలోకి దూరిన తడి బయటికి రాదు. బోర్డును ఏటవాలుగా పట్టుకుని, ఆ భాగాలను తప్పిస్తూ నీళ్ళు పోయండి. మెత్తని పాత టూత్‌బ్రష్‌తో చిలుము మీద నిదానంగా రుద్దండి. మళ్ళీ కొత్త నీళ్ళు పోయండి. వాడిన నీటినే తిరిగి పోస్తే ఉప్పు తిరిగి బోర్డుకే చేరుతుంది.

మీ ఐపీఏకి పని ఇప్పుడు వస్తుంది. అది నీటితో బాగా కలిసిపోతుంది. చిప్పుల కింద ఇరుక్కున్న నీటిని కలుపుకుని బయటికి తెచ్చి, తొందరగా ఆరిపోతుంది. 99 శాతం అని రాసి ఉన్నదే వాడండి. మందుల షాపులో దొరికే 70 శాతం సీసాలో మిగతాది నీరే. శానిటైజరులో గ్లిజరిన్, కొన్ని రకాల సర్జికల్ స్పిరిట్‌లో ఆముదం కలుస్తాయి. వాటిని బోర్డుకు తగలనివ్వకండి. ఐపీఏ ఆవిరికి 12 డిగ్రీల వేడికే నిప్పంటుకునే గుణం ఉంది. మన ఊళ్ళలో చలికాలం తెల్లవారుజామున కూడా అంత చల్లబడదు. కాబట్టి బీడీ, దీపం, సోల్డరింగ్ ఐరన్ ఏవీ దగ్గర ఉండకూడదు. తలుపులు తెరిచి పెట్టండి.

తర్వాత నీడలో, ఫ్యాను కింద కనీసం ఒక పగలు, ఒక రాత్రి ఆరనివ్వండి. ముసురు పట్టిన రోజుల్లో ఫ్యాను గాలి కూడా తడిదే. అప్పుడు మూత గట్టిగా పడే డబ్బాలో తేమను పీల్చే సిలికాజెల్ పొట్లాలతో పాటు ఉంచండి. ఆరాక చిలుము పట్టిన గీతలను మల్టీమీటర్‌తో పరీక్షించండి. గీత తెగిపోయి ఉంటే ఎంత కడిగినా లాభం లేదు. మెకానిక్ సన్నని తీగతో కలపాలి.

అంతా బాగుంటే బోర్డు మీద తేమ తగలకుండా కాపాడే కన్ఫార్మల్ కోటింగ్ స్ప్రే పల్చగా కొట్టించండి. కనెక్టర్లకు, రిలేలకు ముందుగా టేపు అంటించాలి. ఉప్పు తీయకుండా కోటింగ్ వేస్తే ఉప్పును లోపలే పెట్టి మూసినట్టు. పెట్టెకు వైర్లు వచ్చే కన్నాలను గ్లాండ్లతో, అంటే వైరు చుట్టూ సందు లేకుండా మూసే బిరడాలతో, బిగించండి. తుంపర వచ్చే దారి మూయకపోతే వచ్చే ఏడాది ఇదే ప్రశ్న మళ్ళీ రాస్తారు.

2022 జులై వరదలో మా ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి. అప్పుడు తడిసిన ఇన్వర్టర్, టీవీలను ఎండలో ఆరబెట్టి వాడితే రెండూ కాలిపోయాయి. మళ్ళీ అలాంటి వరద వస్తే ఏం చేయాలి?
– రాజోలు వైపు లంక గ్రామం

ఆరబెట్టడంతోనే చిక్కు వచ్చింది. నీరు ఆవిరైంది, ఒండ్రు మాత్రం చిప్పుల కాళ్ళ మధ్య గట్టిపడింది. బురద పచ్చిగా ఉండగానే కడగాలి. కాకపోతే ఈ రెండింటినీ మీరు విప్పకండి. 230 వోల్టుల మీద నడిచే టీవీ పవర్ బోర్డులో ఒక పెద్ద కెపాసిటర్ ఉంటుంది. అందులో దాదాపు 325 వోల్టులు నిలుస్తాయి, ప్లగ్ తీసేశాక కూడా కొంతసేపు ఉండవచ్చు. టీవీ తెర పొరల్లోకి నీరు చేరితే దాన్ని కడగడం ఎవరి వల్లా కాదు. మీరు చేయగలిగింది ఇది: నీళ్ళు వస్తాయని తెలియగానే ప్లగ్గులు పీకి సామాను అటక ఎక్కించడం, ఇన్వర్టర్ నుంచి బ్యాటరీ వైర్లు విప్పడం. తడిసిన వస్తువును 'పనిచేస్తుందో లేదో చూద్దాం' అని ఒక్కసారి కూడా ఆన్ చేయవద్దు. మెకానిక్‌కు ఇచ్చేటప్పుడు వరద నీటిలో మునిగిందని దాచకుండా చెప్పండి.

మా నాన్నగారి పాత రేడియోలో బ్యాటరీలు కారి స్ప్రింగుల మీద తెల్లగా పేరుకుంది. నిమ్మరసం రాస్తే పోతుందంటున్నారు. నిజమేనా?
– అమలాపురం

బ్యాటరీ మీద ఆల్కలైన్ అని ఉంటే నిజమే. దాని నుంచి కారేది క్షారం. దూది పుల్లకు నిమ్మరసమో వెనిగరో అద్ది రాస్తే విరుగుతుంది. మన కిరాణా కొట్లలో చవకగా దొరికే జింక్ కార్బన్ బ్యాటరీలు కారితే వచ్చేది ఆమ్ల గుణం ఉన్నది. దానికి నిమ్మరసంతో పని లేదు, డిస్టిల్డ్ వాటర్‌తో తుడవండి. ఏదైనా సరే, నిమ్మరసాన్ని అలాగే వదిలేస్తే అదీ లోహాన్ని తింటుంది. చివరలో నీటితో ఒకసారి, ఐపీఏతో ఒకసారి తుడవాలి. చేతులకు తొడుగులు వేసుకోండి. స్ప్రింగు విరిగేంతగా తినేసి ఉంటే మార్చడమే.

కంప్యూటర్ ఆన్ చేస్తే బీప్ అంటోంది. ర్యామ్ కాళ్ళను రబ్బరుతో రుద్దమని స్నేహితుడు అంటున్నాడు.
– డిగ్రీ విద్యార్థి, పాలకొల్లు

మన రిపేరు షాపుల్లో అందరూ చేసే పనే. నాకు నచ్చదు. ఆ కాళ్ళ మీది బంగారు పూత చాలా పల్చన. రబ్బరు దాన్ని గీకుతుంది, పొడి స్లాటులో పడుతుంది. ప్లగ్ తీసి, ర్యామ్‌ను బయటికి తీసి, ఐపీఏ అద్దిన పోగులు రాలని గుడ్డతో తుడిచి మళ్ళీ గట్టిగా నొక్కి పెట్టండి. చాలాసార్లు ఊడదీసి పెట్టడంతోనే సరిపోతుంది.

బోర్డును పెట్రోలుతో కడగవచ్చా? థిన్నరుతో?
– నరసాపురం

వద్దు. పెట్రోలు జిడ్డు పొర వదులుతుంది, నిప్పు భయం సరేసరి. థిన్నరు ప్లాస్టిక్ కనెక్టర్లను మెత్తబరుస్తుంది, బోర్డు మీది అక్షరాలను చెరిపేస్తుంది. మీ ఊరికి సముద్రం దగ్గర. మీ బోర్డు మీద ఉన్నది ఉప్పే అయితే ఈ రెండూ దాన్ని కదిలించలేవు కూడా.