హానర్స్ వదిలేసి మామూలు బీటెక్‌కి సెమిస్టర్ మధ్యలో మారవచ్చా?

విశాఖలో బీటెక్ మూడో ఏడాది చదువుతున్న ఒక తమ్ముడి ప్రశ్న ఇది: హానర్స్ తీసుకున్నాక మిడ్ పరీక్షల్లో మార్కులు పడిపోయాయి, ఇప్పుడు వదిలేస్తే డిగ్రీకే ఎసరు వస్తుందా?

రాదు, ఆ టెన్షన్ వద్దు. దేశంలో సాంకేతిక విద్యను చూసే మండలి ఏఐసీటీఈ నమూనా సిలబస్ ప్రకారం బీటెక్‌కి 160 క్రెడిట్లు (సబ్జెక్టు పాసైతే వచ్చే పాయింట్లు) కావాలి. హానర్స్ అంటే వాటిపైన మరో 18 నుంచి 20. పైవి వదిలేసినా ఆ 160 ఎక్కడికీ పోవు. ఇప్పటికే తెచ్చుకున్న అదనపు క్రెడిట్లు మాత్రం సాధారణంగా రెగ్యులర్ సబ్జెక్టులకు బదులుగా లెక్కలోకి రావు. కష్టపడి చదివినవాడికి అది బాధే.

నాకు భయం వేసేది ఇంకో విషయంలో. ‘ఎలాగూ వదిలేస్తాను కదా’ అని మద్దిలపాలెం గదిలో కూర్చుని క్లాసులు మానేయకు. పేరు రిజిస్టర్‌లోనే ఉంటుంది, హాజరు 75 శాతం కిందికి జారుతుంది, చివరికి ఆ సబ్జెక్టు ఫెయిల్ కింద పడే ప్రమాదం ఉంది. పరీక్ష ఫీజు కట్టేలోపే హెచ్ఓడీ (విభాగాధిపతి) గారికి అర్జీ రాసివ్వు, సంతకం పెట్టించుకున్న కాపీ దాచుకో. గడువు కాలేజీని బట్టి మారుతుంది కాబట్టి నీ బ్యాచ్ రెగ్యులేషన్ (ఆ బ్యాచ్‌కి వర్తించే నిబంధనలు) చూసుకో.

ఇంట్లో ఈ రోజే చెప్పు. అర్జీ మీద నాన్నగారి సంతకం కూడా అడగవచ్చు.