జేబులో రివాల్వర్: ఎంత బరువైతే మేలు?

ప్రశ్న: గ్రీన్ కార్డు ఉంది. గ్యాస్ స్టేషన్ చూసుకుంటూ రాత్రి పొద్దుపోయాక ఇంటికి వస్తాను. ప్యాంటు జేబులో పట్టే ఐదు తూటాల రివాల్వర్ కొనాలని ఉంది. స్మిత్ అండ్ వెసన్ 642, 640, రూగర్ ఎల్‌సీఆర్ చూశాను. ఎంత తేలికైతే అంత మంచిదా?
– ఒక పాఠకుడు, ప్లేనో, టెక్సాస్

జవాబు: మోయడానికి అవును, పేల్చడానికి కాదు.

అల్యూమినియం ఫ్రేమున్న 642 ఖాళీగా సుమారు 410 గ్రాములు, .38 స్పెషల్ రకం తూటాలు వాడే ఎల్‌సీఆర్ 383. ఈ తేడా రెండు తూటాల బరువు, జేబుకు తెలియదు. ఐదు తూటాలు నింపితే ఏదైనా మరో 70 గ్రాములు పెరుగుతుంది. పూర్తి ఉక్కు 640 దాదాపు 630 గ్రాములు. బెల్టుకైతే ఇబ్బంది లేదు గానీ, జేబులో వేస్తే ప్యాంటు ఓ పక్కకు జారుతుంది.

పొడవు 642కి 16 సెంటీమీటర్లు, ఎల్‌సీఆర్‌కి అర సెంటీమీటరు ఎక్కువ. మందాన్ని తేల్చేది తూటాలు నింపే, గుండ్రంగా తిరిగే సిలిండరే: రెండింటికీ 33 మిల్లీమీటర్ల దగ్గర. ఆరు తూటాల కింబర్ కె6ఎస్‌కి 35. అసలు బయటపడేది పిడి. ఎల్‌సీఆర్‌తో వచ్చే మెత్తని రబ్బరు పిడి చేతికి హాయిగా ఉంటుంది గానీ, తీసేటప్పుడు జేబు గుడ్డకు అతుక్కుంటుంది. జేబుకైతే పొట్టి, నున్నని పిడి వేయించండి.

అదే తూటా పేలిస్తే 642 వెనక్కి తన్నే శక్తి 640 కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. ఇక స్మిత్ అండ్ వెసన్‌దే 330 గ్రాముల 340పీడీలో, ఇంకా బలమైన .357 మాగ్నమ్ తూటాలు వేస్తే ఐదు తూటాలకే అరచెయ్యి మండి సాధన మూలన పడుతుంది. 120 గ్రెయిన్ల (దాదాపు 8 గ్రాముల) కంటే తేలికైన బుల్లెట్లు, అంటే తూటా కొస నుంచి ఎగిరే ముక్కలు, వాడొద్దని దాని బారెల్ మీదే చెక్కి ఉంటుంది.

తేలిక తుపాకీతో ఇంకో చిక్కుంది. ఆ కుదుపుకు, ఇంకా పేలని తూటాల్లోని బుల్లెట్ ముందుకు జారి, సిలిండర్ ముందుకు పొడుచుకొచ్చి, తిరగనివ్వదు. మీరు కొనే తూటాలను ఇలా పరీక్షించండి: ఐదోదాని పొడవు కాలిపర్‌తో కొలిచి నింపండి. నాలుగు పేల్చి, దాన్ని తీసి మళ్లీ కొలవండి. పొడవు పెరిగితే ఆ రకం వద్దు. గట్టిగా క్రింప్ చేసిన (కేసు అంచును బుల్లెట్ చుట్టూ నొక్కి బిగించిన) ఫ్యాక్టరీ తూటాలే వాడండి.

మా ఓటు: జేబుకైతే 642 లేదా .38 ఎల్‌సీఆర్, బెల్టుకైతే 640. రెండు అంగుళాల బారెల్‌కి, పేలిన తూటాల ఖాళీ కేసులను బయటికి నెట్టే ఎజెక్టర్ రాడ్ పొట్టిది, ఆ కేసులు సగం బయటికొచ్చి ఆగుతాయి. బారెల్ కొన పైకెత్తి ఆ రాడ్‌ను అరచేత్తో ఒక్క దెబ్బ గట్టిగా కొట్టాలి. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే హోల్‌స్టర్ (తుపాకీ ఒర) తప్పనిసరి. ఆ జేబులో తాళాలు, చిల్లర ఏవీ వద్దు.

ప్రశ్న: టెక్సాస్‌లో 21 ఏళ్లు దాటితే రివాల్వర్ వెంట ఉంచుకోవడానికి పర్మిట్ అక్కర్లేదుగా, హెచ్-1బీ మీద ఉన్న మా తమ్ముడూ కొనొచ్చా?
– అదే పాఠకుడు

జవాబు: 2021 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్నది రాష్ట్ర చట్టం. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాపై ఉన్నవారు తుపాకీనే కాదు, తూటా దగ్గరుంచుకున్నా నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులున్నాయి. ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా ఆ దారి పట్టొద్దు. మీ తుపాకీ కూడా తమ్ముడి చేతికివ్వకండి.