మీ వీధి - మీ ప్రశ్న: గుంతకూ ఒక అడ్రస్ ఉండాలి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ రోడ్ల గురించే. వానలు పడ్డాక ఏటా ఇంతే. నలుగురికి జవాబులు రాస్తున్నాను. పేర్లు, ఊళ్లు వేయొద్దన్నారు కాబట్టి తీసేశాం.

ప్రశ్న: నమస్తే మేడమ్. మా వీధి చివర టిఫిన్ సెంటర్ ముందు పెద్ద గుంత ఉంది. పోయిన నెల వానకి నీళ్లు నిండి అది కనపడలేదు, వెనక మా అమ్మ కూర్చుని ఉండగా స్కూటీ పడిపోయింది. అమ్మ మోచేతికి ఆరు కుట్లు పడ్డాయి. యాప్‌లో ఫొటో పెట్టి కంప్లయింట్ ఇచ్చాను. ఐదో రోజు 'మీ ఫిర్యాదు పరిష్కరించాం' అని మెసేజ్ వచ్చింది, వెళ్లి చూస్తే గుంత అలాగే ఉంది. ఇంకెవరికి చెప్పుకోవాలి?

జవాబు: అమ్మగారి చెయ్యి పూర్తిగా మానే వరకు జాగ్రత్తమ్మా. కుట్లు విప్పిన కాగితం, ఆస్పత్రి బిల్లులు పారేయకండి.

మీరు పెట్టిన కంప్లయింట్ కాపీ చూశాను. 'మా కాలనీ రోడ్డు అధ్వానంగా ఉంది, పట్టించుకునే నాథుడు లేడు' అని రాశారు. కోపం న్యాయమే, కానీ అది చదివి బండి వేసుకుని వచ్చే మనిషికి ఏ గుంత దగ్గర ఆగాలో తెలియదు. మీ వీధిలోనే ఇంకో నాలుగు గుంతలు ఉండి ఉంటాయి, ఏదో ఒకటి పూడ్చి ఫైలు మూసేసినా మనం అడగలేం. అందుకని ముందు గుంతకి అడ్రస్ ఇవ్వండి. పక్కనున్న కరెంటు స్తంభం మీద పెయింటుతో నంబరు రాసి ఉంటుంది, అది రాసుకోండి. మెట్రో కింద అయితే పిల్లర్ నంబరు. రెండు ఫొటోలు తీయండి: ఒకటి దగ్గర నుంచి, పక్కన లీటరు నీళ్ల సీసా పెట్టి, లోతు తెలియాలి కదా; రెండోది దూరం నుంచి, టిఫిన్ సెంటర్ బోర్డు కూడా పడేలా. పొడవు, వెడల్పు అడుగుల్లో రాయండి.

తర్వాత సంగతి, అది ఎవరి గుంత అని. మా వీధిలో డ్రైనేజీ పైపు వేసి కందకం పూడ్చి వెళ్లారు, మొదటి వానకే అది జానెడు లోతు కుంగింది. నేను మూడుసార్లు రోడ్ల విభాగానికి కంప్లయింట్ ఇచ్చాను, మూడుసార్లూ క్లోజ్ అయింది. నాలుగోసారి ఒక ఇంజినీరు వచ్చి కాలితో అంచు తొక్కి చూపించారు, 'ఇది గుంత కాదమ్మా, కోసిన రోడ్డు, పైపు వేసినవాళ్లే పూడ్చాలి' అని. నిజమే, అంచు గీత గీసినట్టు తిన్నగా ఉంది, నేనే గమనించలేదు. పైపు వేసినవాళ్లకి స్తంభం నంబరుతో సహా రాస్తే తొమ్మిదో రోజుకి పని అయింది. మీ గుంత అంచు కూడా చూడండి. తిన్నగా ఉంటే ఎవరో తవ్వారు. గుండ్రంగా చెదిరిపోయి ఉంటే తారు కిందికి నీళ్లు దిగాయి. మ్యాన్‌హోల్ చుట్టూ కుంగితే అది డ్రైనేజీ వాళ్లది.

హైదరాబాద్ వాళ్లకైతే రోడ్డు గుంతకి జీహెచ్‌ఎంసీ 040-21111111, మ్యాన్‌హోల్‌కి జలమండలి 155313. ఊరి మధ్యగా పోయే జాతీయ రహదారి అయితే 1033. బయటి రోడ్డు ఎవరిదో తెలియకపోతే కిలోమీటరు రాయి చూడండి: పైన పసుపు రంగు ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి.

ఇక క్లోజ్ చేసిన ఫిర్యాదు. ఊరుకోవద్దు. రీఓపెన్ బటన్ ఉంటే అదే నొక్కండి, లేకపోతే కొత్తది పెట్టి పాత నంబరు మొదటి వాక్యంలోనే రాయండి, అదే చోట ఈ రోజు తీసిన ఫొటో జత చేయండి. అయినా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌కో కార్పొరేషన్ ఆఫీసుకో వెళ్లి కాగితం చేతికివ్వండి. తెలంగాణలో ప్రజావాణి అంటారు, ఆంధ్రలో గ్రీవెన్స్ అంటారు, రెండూ సోమవారమే. రసీదు లేకుండా తిరిగి రావద్దు.

ఆ తర్వాత కూడా పని కాకపోతే సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. నగరాల్లో దరఖాస్తు ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. 'రోడ్డు ఎప్పుడు బాగుచేస్తారు' అని అడగకండి, అది సమాచారం కిందకి రాదంటారు. ఇలా అడగండి: ఈ రోడ్డు చివరిసారి ఎప్పుడు వేశారు, కాంట్రాక్టరు ఎవరు, డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ ఏ తేదీ వరకు, నా ఫిర్యాదును ఏ ఆధారంతో మూసేశారు, పరిష్కరించినట్టు తీసిన ఫొటో కాపీ ఇవ్వండి. ఆ పీరియడ్ ఇంకా నడుస్తుంటే రోడ్డు పాడైనందుకు కాంట్రాక్టరే సొంత ఖర్చుతో సరిచేయాలి. ఈ ప్రశ్న బల్ల మీదకి వచ్చిందంటే ఎవరో ఒకరు ఫైలు తీసి చూడక తప్పదు, సగం పని అక్కడే అవుతుంది.

ప్రశ్న: మా ఆయనకి నో ఎంట్రీలో వెళ్లారని చలాన్ వచ్చింది. ఆ బోర్డు కానుగ చెట్టు కొమ్మల్లో మునిగిపోయి ఉంది, దాని కింద పుట్టినరోజు ఫ్లెక్సీ ఒకటి కట్టారు. ఎవరికి కనపడుతుంది చెప్పండి?

జవాబు: కనపడదు, మీ ఆయన తప్పు లేదు. అయితే ఆ మాట రుజువు కావాలి. బోర్డు దగ్గరికి వెళ్లి తీసిన ఫొటో పనికిరాదు. బండి మీద కూర్చుని, మలుపుకి ముందు నుంచి, నడిపేవాళ్ల కంటి ఎత్తులో తీయండి. ఆ ఫొటోతో ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో అభ్యంతరం రాయండి, మీ ప్రాంతం ట్రాఫిక్ స్టేషన్‌లో కూడా ఒక కాపీ ఇవ్వండి. ఫ్లెక్సీ సంగతి విడిగా రాయండి. ట్రాఫిక్ బోర్డుకి అడ్డం వచ్చే ప్రకటనని తీసేయించే అధికారం మోటారు వాహనాల చట్టం 116వ సెక్షన్‌లోనే ఉంది. కొమ్మలు కొట్టించడం కార్పొరేషన్ పని, దానికి ఇంకో కంప్లయింట్. ఒకే కాగితంలో మూడూ కలిపి రాస్తే మూడు విభాగాలూ పక్కవాళ్ల వైపు చూస్తాయి.

చలాన్ రద్దయినా కాకపోయినా కొమ్మలు కొట్టే వరకు వదలకండి. మీ ఆయనకి చలానే వచ్చింది, అదే మలుపులో ఎదురుగా బస్సు వచ్చి ఉంటే?

ప్రశ్న: మేం పదిమంది కుర్రాళ్లం, ఆదివారం మా రోడ్డు గుంతలు మేమే పూడ్చేద్దామనుకుంటున్నాం అక్కా. ఇటుక ముక్కలు, మట్టి దొరికాయి. సరిపోతుందా?

జవాబు: మీ మనసు మంచిది తమ్ముడూ, కానీ ఇటుక ముక్కలు వద్దు. లారీ టైరు కింద రెండు రోజుల్లో పొడైపోతాయి, మట్టి వానకి బురదై టూ వీలర్లు జారతాయి. తారు రోడ్డుకి శత్రువు నీళ్లే. రాయికీ తారుకీ మధ్య నీళ్లు చేరితే పట్టు వదిలేస్తుంది, తర్వాత టైరు ఒక్కో రాయినీ లాగేస్తుంది. అందుకే వానలో తడి గుంతలో వేడి తారు పోసినా నిలవదు, కార్పొరేషన్ వాళ్లు వానాకాలంలో కోల్డ్ మిక్స్, అంటే వేడి చేయకుండానే వేసే తారు కంకర, వాడేది అందుకే. హైదరాబాద్‌లో రైల్వేలో పనిచేసి రిటైరైన గంగాధర తిలక్ కట్నం గారు, ఆయన భార్య ఏళ్ల తరబడి తమ పెన్షన్ డబ్బులతో గుంతలు పూడ్చారు. వాళ్లంటే నాకు ఎంతో గౌరవం. మీరు మాత్రం ఆ ఆదివారం ఇంకో పని చేయండి: పదిమందీ వీధులు పంచుకుని ప్రతి గుంతకీ స్తంభం నంబరు, కొలత, ఫొటో రాసుకుని ఒకే పట్టిక చేసి సోమవారం ఇవ్వండి.

ఇంకొకటి. మూత లేని మ్యాన్‌హోల్ కనపడితే వెంటనే ఫోన్ చేయండి, వాళ్లు వచ్చే వరకు చెట్టుకొమ్మ నిలబెట్టి ఎర్రగుడ్డ కట్టండి. నీళ్లు పోతాయని మీరు మాత్రం ఏ మూతా తీయొద్దు. ఆ నీళ్లలో నడిచి వచ్చేవాళ్లకి అది కనపడదు.

ప్రశ్న: మా వీధిలో పిల్లలు ఆడుకుంటారని ఇంటి ముందు స్పీడ్ బ్రేకర్ మేమే కట్టించుకున్నాం. దాని మీద ఒకాయన పడిపోయాడు. తీసేయాలా?

జవాబు: తీసేయండి. రూల్ ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, ముందు హెచ్చరిక బోర్డు, మీద తెల్ల గీతలు ఉండాలి. మీరు కట్టించింది ఫొటోలో గోడ అంచులా ఉంది. పిల్లల భయం నిజమే కాబట్టి, వీధిలో ఉన్నవాళ్లంతా సంతకాలు పెట్టి ట్రాఫిక్ పోలీసులకి, కార్పొరేషన్‌కి ఒకేసారి అడగండి. పడిపోయినాయన ఎలా ఉన్నారో ఒకసారి వెళ్లి పలకరించండి.