మాంసమే ముట్టం.. మెదడులోకి బద్దెపురుగు ఎలా వచ్చింది?

ప్రశ్న: మాది విజయవాడ. మా తమ్ముడికి 26 ఏళ్లు, ఆటోనగర్‌లో లేత్ మీద పని. నెల కిందట కుడి చెయ్యి కొట్టుకోవడంతో మొదలై ఫిట్స్ వచ్చాయి. ఎంఆర్ఐలో ‘న్యూరోసిస్టిసర్కోసిస్, కొల్లాయిడల్ దశ, 9 మి.మీ.’ అని రాశారు. మా ఇంట్లో మాంసమే వండరు. పురుగు మెదడులో తిరుగుతోందా? నులిపురుగుల మాత్ర తెచ్చి వేస్తే పోతుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: తిరగడం లేదమ్మా, ఆ భయం వద్దు. న్యూరోసిస్టిసర్కోసిస్ అంటే మెదడులో బద్దెపురుగు పిల్ల చేరడం. అది నీటితిత్తిలో ముడుచుకుని ఉన్నచోటే ఉంది. శనగగింజంత ఉంటుందేమో.

సరిగా ఉడకని పంది మాంసం తింటే పురుగు పేగుల్లో పెరుగుతుంది. మెదడుకు చేరేది దాని గుడ్ల వల్ల. కడుపులో పురుగున్న మనిషి దొడ్డికెళ్లొచ్చి చేతులు సరిగా కడుక్కోకుండా చట్నీ కలిపినా చాలు. ఆ గుడ్లు తిన్నవాళ్ల పేగుల్లో పగిలి, పిల్లలు రక్తంలో పడి మెదడుకు వెళ్తాయి. ఉల్లిపాయ కూడా తినని ఇళ్లవాళ్లకూ ఈ జబ్బు రావడం అందుకే.

రిపోర్టులో అసలు చూడాల్సింది ‘కొల్లాయిడల్’ అన్న మాట. పురుగు బతికున్నప్పుడు పల్చటి తిత్తి, లోపల ఓ చుక్క కనిపిస్తాయి. ఆ చుక్కే దాని తల. ఆ దశలో ఏళ్ల తరబడి ఏ బాధా తెలియకపోవచ్చు. అది చావడం మొదలుపెట్టాక మన ఒంటి రక్షణ వ్యవస్థ మీదపడుతుంది. చుట్టూ వాపు, దాంతో ఫిట్స్. మీ తమ్ముడు ఉన్నది ఇక్కడే. తర్వాత అది కుంచించుకుపోయి, చివరికి సున్నపు చుక్కలా మిగులుతుంది. సున్నం కట్టాక పురుగుల మందుతో పనిలేదు, ఫిట్స్ మాత్రం రావచ్చు.

తిత్తి మెదడు గదుల్లో ఇరుక్కుంటే కథ వేరు. నీరు కదలక తలనొప్పి, వాంతులు, మగత వస్తాయి; ఒక్కోసారి ఆపరేషనే దారి. మీ తమ్ముడికి ఇవి కనిపిస్తే ఓపీ కోసం ఆగకండి, ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

మాత్ర మాత్రం మీరే తెచ్చి వేయొద్దు. బడిలో ఇచ్చేది 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ ఒక్కటే మాత్ర. ఇక్కడ అదే మందు బరువును బట్టి 10 నుంచి 14 రోజులు, స్టెరాయిడ్ తోడుగా ఇస్తారు. స్టెరాయిడ్ లేకుండా వేస్తే పురుగు చస్తూ వాపు పెంచుతుంది. ముందు కంటి పరీక్ష కూడా కావాలి, కంట్లో తిత్తి ఉంటే ఈ మందుతో చూపుకే ముప్పు. మన దగ్గర టీబీ గడ్డ కూడా స్కాన్‌లో ఇలాగే కనిపిస్తుంది కాబట్టి న్యూరాలజిస్టు దాన్నీ ఆలోచిస్తారు.

ఫిట్స్ మందు ఒక్కపూట కూడా మానొద్దు. తిత్తి మాయమై, ఫిట్స్ రాకుండా కనీసం 6 నెలలు గడిచాకే ఆపే మాట. అప్పటిదాకా లేత్, బండి, బందరు కాలువలో ఈత బంద్. మళ్లీ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తాళాల గుత్తి చేతిలో పెడితే ఆగదు. ఇంట్లో అందరికీ మల పరీక్ష చేయించండి, రోజూ టిఫిన్ తెచ్చుకునే చోటు గురించీ ఓసారి వాకబు చేయండి.