రెటీనాకు హాని లేదని ఎలా తేలుస్తారు?

ప్రశ్న: కంట్లో అమర్చే పరికరాలు, కంట్లోకి ఎక్కించే మందులు కంటి వెనుక పొర అయిన రెటీనాను దెబ్బతీయవని ముందుగా ఎలా పరీక్షిస్తారు? ఆ పరీక్షల్లో నెగ్గినవాటిని పూర్తిగా నమ్మవచ్చా?

జవాబు: రెటీనాలో కాంతిని గ్రహించే కణాలు మనిషిలో ఒకసారి చనిపోతే తిరిగి పుట్టవు కాబట్టి, మీరు అడిగిన రెండో ప్రశ్నే నాకు ముఖ్యమనిపిస్తోంది.

ప్రయోగశాలలో పెంచిన కణాలపై పరీక్షించాక సాధారణంగా కుందేళ్ల కళ్లలో ప్రయోగించి, ఈఆర్‌జీ (ఎలక్ట్రోరెటినోగ్రామ్) తీస్తారు. కంటిపై ఎలక్ట్రోడ్ ఉంచి, కాంతిని ఒక్క క్షణం మెరిపించి, రెటీనా నుంచి వచ్చే విద్యుత్ స్పందనను నమోదు చేయడమే ఈ పరీక్ష. అందులో ముందుగా కిందికి దిగే 'ఎ' తరంగం కాంతిగ్రాహక కణాలది కాగా, వెంటనే పైకి లేచే 'బి' తరంగం ప్రధానంగా వాటి నుంచి సంకేతాలు అందుకునే కణాలది. ఏ తరంగం కుంగిందో చూస్తే దెబ్బ ఏ పొరకు తగిలిందో చాలావరకు తెలుస్తుంది. అయితే కుందేలు కంట్లో నిండి ఉండే విట్రియస్ అనే జెల్లీలాంటి పదార్థం సుమారు 1.5 మిల్లీలీటర్లే, మనిషిది దాదాపు 4; అంటే ఒకే మోతాదు మందు గాఢత రెండింటిలో ఒకేలా ఉండదు. పైగా రెటీనా మధ్యలో ఉండి స్పష్టమైన చూపునిచ్చే మాక్యులా కుందేలుకు లేదు. అందుకే మాక్యులాకు సంబంధించిన మందులను కోతులపైనా పరీక్షిస్తారు. విద్యుత్‌తో పనిచేసే రెటీనా ఇంప్లాంట్లకైతే ఎలక్ట్రోడ్ల వేడి, అవి కణజాలంలోకి పంపే విద్యుదావేశం కూడా హద్దు దాటకుండా చూడాలి.

ఇన్ని అంచెలున్నా 2015లో స్పెయిన్‌లో ఘోరం జరిగింది. ఊడిన రెటీనాను సర్జరీలో యథాస్థానానికి నొక్కి ఉంచేందుకు వాడే పెర్‌ఫ్లోరో ఆక్టేన్ అనే ద్రవంలోని కొన్ని బ్యాచ్‌ల వల్ల పలువురు రోగులు చూపు కోల్పోయారు. ఆ ద్రవం భద్రతా పరీక్షల్లో నెగ్గినదే. పదార్థాన్ని నీటి ఆధారిత మాధ్యమంలో ఉంచి, ఆ మాధ్యమాన్ని కణాలపై పోయడం అప్పటి పద్ధతుల్లో ఒకటి. పెర్‌ఫ్లోరో ఆక్టేన్ నీటిలో కలవదు కనుక అందులోని విషపు మలినాలు ఆ పరీక్షకు చిక్కలేదు. ద్రవాన్నే నేరుగా కణాలకు తగిలించినప్పుడు అవి చనిపోవడం కనిపించింది. సర్జరీలో రెటీనాను తాకేది ఆ ద్రవమే అయినప్పుడు, పరీక్షలోనూ దాన్నే తాకించి తీరాలని నా దృఢాభిప్రాయం.

కొన్ని మందుల హాని ఏళ్ల తరబడి వాడాకే బయటపడుతుంది. కీళ్లవాతానికి, రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే దాడిచేసే లూపస్ అనే జబ్బుకు వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ అలాంటిదే. రోజువారీ మోతాదు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు మించకూడదని, మొదటి ఏడాదిలోపు ఒకసారి, అయిదేళ్లు దాటాక ఏటా కళ్లు పరీక్షించుకోవాలని అమెరికా నేత్రవైద్యుల అకాడమీ 2016లో సూచించింది. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఆ ఏటేటా పరీక్షలు ఇంకా ముందే మొదలుపెట్టాలి.