ఫైలు ఎవరి పేరు మీద ఉంది బిడ్డా?

బిడ్డా,

చెరువుల సర్వేకు నిన్ను టీమ్ లీడర్‌ను చేశారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషమైంది. ములుగు వైపు ఇద్దరు, నర్సంపేటలో ఒకరు, హనుమకొండలో మీరిద్దరు, ఫొటోలూ కొలతలూ మ్యాపులూ అన్నీ డ్రైవ్‌లో పెట్టుకుంటామని మెసేజ్ పెట్టావు కదా, ఈ ఉత్తరం దాని గురించే. ఇన్నేళ్లు ఆఫీసుల్లో రికార్డులు చూసినదాన్ని, నువ్వు అడగకపోయినా చెప్పాలనిపించింది.

అన్నిటికంటే ముందు ఒకటి తేల్చుకో. ఫైలు ఎవరి పేరు మీద ఉంది? భూమి ఎవరు దున్నినా పట్టా ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల మాటే చెల్లుతుంది. గూగుల్ డ్రైవ్‌లోనూ అంతే. నువ్వు ఫోల్డర్ తెరిచి అందరికీ షేర్ చేస్తావు. నర్సంపేట అబ్బాయి అందులో పాకాల చెరువు తూము ఫొటోలు వేస్తాడు. ఫోల్డర్ నీదే, ఆ ఫొటోలకు ఓనర్ మాత్రం అతనే. అవి పట్టే జాగా కూడా అతని ఖాతాలోదే. రేపు జాగా నిండిందని అతను వాటిని డిలీట్ చేస్తే, నెల తిరిగేసరికి మీ అందరికీ పోయినట్టే.

నాకు తెలిసిన ఒక ప్రాజెక్టులో ఒక అమ్మాయి పనంతా కాలేజీ మెయిల్ మీదే చేసింది. చదువు అయిపోయాక కాలేజీ వాళ్లు ఆ ఖాతా మూసేశారు. రిపోర్టు ఇవ్వాల్సిన వారంలో లింకు నొక్కితే ఏమీ రాలేదు. ఆ పిల్ల తప్పేం లేదు, ఆ మెయిల్ ఎన్నాళ్లు ఉంటుందని ఆమెను ఎవరూ అడగలేదు. మీలో కాలేజీ మెయిల్ వాడేవాళ్లు ఎవరున్నారో ఇవాళే కనుక్కో. కాలేజీ ఖాతాలోని ఫైలు ఓనర్‌షిప్‌ను మామూలు జీమెయిల్‌కు మార్చడం కుదరదు. కాపీ తీసుకోవాల్సిందే.

మీ సంస్థ డబ్బు కట్టి గూగుల్ వర్క్‌స్పేస్ వాడుతుంటే షేర్డ్ డ్రైవ్ ఇమ్మని గట్టిగా అడుగు. అందులో పెట్టిన ఫైళ్లు మనుషులవి కావు, సంస్థవి. మనిషి ఉద్యోగం మారినా ఫైలు అక్కడే ఉంటుంది. అది లేకపోతే ప్రాజెక్టు పేరుతో ఒక జీమెయిల్ తెరిచి, వారానికోసారి ఆ ఖాతాలోంచి కొత్త ఫైళ్లకు కాపీ తీయండి. ఎవరి ఖాతాలోంచి కాపీ తీస్తే ఆ కాపీ వాళ్లదవుతుంది. దాని పాస్‌వర్డ్ నీకూ ఇంకొకరికీ తెలిస్తే చాలు, పాస్‌వర్డ్ కొట్టాక ఇంకో రుజువు కూడా అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ మాత్రం తప్పకుండా పెట్టు. ఉచితంగా వచ్చేది 15 జీబీ, అదీ మెయిల్‌కూ ఫొటోలకూ డ్రైవ్‌కూ కలిపి. ఒక్కో ఫొటో 5 ఎంబీ అనుకుంటే మూడు వేల ఫొటోలకే నిండిపోతుంది. కాబట్టి జాగా కొనిపించు. ఆ ఖర్చు సంస్థ పెట్టాలి, మీ జేబులోంచి కాదు.

ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పడేసి, తర్వాత ఎక్కిద్దాంలే అనే అలవాటును మొదటి రోజే ఆపు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో సైజు తగ్గుతుంది, ఎక్కడ తీశారో చెప్పే లొకేషన్ కూడా పోతుంది. మీ పనికి ఆ లొకేషనే ప్రాణం. మత్తడి, అంటే అలుగు, పగిలిన ఫొటో ఉండి, అది ఏ చెరువుదో తెలియకపోతే ఏం లాభం? తాడ్వాయి అడవి వైపు సిగ్నల్ సరిగా అందదు, అక్కడే ఎక్కించాలని టెన్షన్ పడొద్దు. సాయంత్రం వైఫై దగ్గరికి వచ్చాక ఎక్కించి, డ్రైవ్‌లో తెరిచి చూసుకున్నాకే ఫోన్‌లోంచి తీసేయాలి.

పేర్ల దగ్గర మొహమాటం వద్దు. 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'లాస్ట్ ఫైనల్' అని మూడు ఫైళ్లు కనబడితే ఏది నమ్మాలి? 2025-11-08_రామప్ప_తూము_01 అని సంవత్సరంతో మొదలుపెట్టండి, తేదీల వరుస కంప్యూటరే చూసుకుంటుంది. చెరువుల పేర్లు ఎలా రాయాలో ఒక జాబితా చేసి అందరికీ ఇవ్వు. ఒకరు లక్నవరం అనీ, ఇంకొకరు లఖ్నవరం అనీ రాస్తే వెతికినప్పుడు సగమే దొరుకుతాయి. రిపోర్టు దిద్దాలంటే కొత్త ఫైలు చేయకుండా అదే గూగుల్ డాక్‌లో దిద్దండి, పాతది వెర్షన్ హిస్టరీలో ఉంటుంది. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు అలాగే ఎక్కిస్తే మాత్రం పాత వెర్షన్లు మామూలుగా 30 రోజులే ఉంటాయి. ఇంకొకటి, తెలుగు రిపోర్టు డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టిస్తే ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అక్షరాలు పిచ్చిగా కనిపిస్తాయి. మొదటి నుంచీ ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోనే టైప్ చేయించు.

కొలతల షీట్‌లో మార్చే హక్కు ఇద్దరికి చాలు, మిగతావాళ్లు కామెంట్ పెడతారు.

రైతుల ఫోన్ నంబర్లు, ఆధార్ కాపీలు, పాస్‌బుక్ ఫొటోలు మాత్రం వేరే ఫోల్డర్‌లో ఉండాలి. లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చనే సెట్టింగ్ దానికి పెట్టొద్దు, పేరు పేరునా మెయిల్‌కే అనుమతి ఇవ్వు. శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమి, దాని తగాదాలు ఎంత దూరం పోతాయో నీకు తెలుసు. మనల్ని నమ్మి ఇచ్చిన కాగితం అవతలివాళ్ల చేతిలో పడితే ఆ రైతుకు మనం ఏం సమాధానం చెప్పగలం? ప్రింట్ల కోసం జిరాక్స్ సెంటర్‌లో ప్రాజెక్టు ఖాతా తెరవొద్దు, కావాల్సిన పీడీఎఫ్ ఒక్కటే పంపండి.

డ్రైవ్‌లో ఉంది కదా అని నిశ్చింతగా ఉండకు. కంప్యూటర్‌తో సింక్ పెట్టుకుంటే, ఇక్కడ తీసేసింది అక్కడా పోతుంది, ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది, అంతే. అందుకని నెలకోసారి రెండు హార్డ్ డిస్కుల్లోకి దించండి. రెండూ ఒకే ఇంట్లో వద్దు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో హనుమకొండ కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఆ జులైలోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఒకటి నీ దగ్గర పెట్టుకో, ఇంకొకటి నర్సంపేటకు పంపు.

వచ్చే ఆదివారం డిస్కు, ల్యాప్‌టాప్ తీసుకుని ఇంటికి రా. ఏ ఫైలుకు ఎవరు ఓనరో ఇద్దరం కూర్చుని చూద్దాం, మొదటి కాపీ కూడా ఇక్కడే తీసుకుని పోదువు.

మీ పెద్దమ్మ,
హనుమకొండ