ఆ పట్టిక తీసెయ్ తమ్ముడూ

తమ్ముడూ,

నువ్వు పంపిన ఇంగ్లీషు గ్రామర్ చాప్టర్ చదివాను. భాష తేలిగ్గా ఉంది, పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు బాగా అందుతుంది. కానీ ఎడమవైపు పదం, కుడివైపు నౌన్ అనో వెర్బ్ అనో పేరు రాసి ఓ పట్టిక వేశావు చూడు, అది తీసెయ్. పిల్లలు బట్టీ కొడతారు, తీరా పరీక్షలో అదే పదం ఇంకో వేషంలో కనిపిస్తే బిక్కమొహం వేస్తారు.

‘బ్యాక్’నే తీసుకో, నీ పట్టికలో నౌన్ అని ఉంది. ‘మై బ్యాక్ హర్ట్స్’లో నిజమే. ‘బ్యాక్ డోర్’లో ఏ తలుపో చెప్తోంది కాబట్టి అడ్జెక్టివ్, ‘కమ్ బ్యాక్’లో అడ్వర్బ్, ‘దే బ్యాక్ అవర్ ప్లాన్’లో ఏకంగా వెర్బ్. ఒక్క అక్షరం మారలేదు, కూర్చున్న చోటు మారిందంతే. అందుకే ముందు వాక్యం ఇచ్చి, తర్వాత పేరు అడుగు.

చివర ‘ఎల్‌వై’ ఉంటే అడ్వర్బ్ అన్నావు. మరి ఫ్రెండ్లీ, లోన్లీ? రెండూ అడ్జెక్టివ్‌లే.

అసలు గొడవంతా నీ తెలుగు చిట్కాతో. తెలుగులో చెప్పుకున్నప్పుడు ‘గా’ వస్తే అడ్వర్బ్ అని రాశావు. ‘హీ వాక్స్ స్లోలీ’, మెల్లగా నడుస్తాడు, ఇక్కడ సరిపోయింది. కానీ ‘షీ లుక్స్ సాడ్’ని దిగులుగా కనిపిస్తోంది అంటాం, ‘ఐ ఫీల్ హ్యాపీ’ని సంతోషంగా ఉంది అంటాం. రెండింట్లోనూ ‘గా’ ఉంది, అయినా సాడ్, హ్యాపీ అడ్జెక్టివ్‌లే, ఎందుకంటే అవి పని ఎలా జరిగిందో చెప్పట్లేదు, మనిషి ఎలా ఉందో చెప్తున్నాయి. మనవాళ్ళు ‘ఐ ఫీల్ హ్యాపీలీ’ అని రాసేది ఈ ‘గా’ని నమ్ముకునే. వెర్బ్ తీసేసి ‘ఈజ్’ పెట్టి చూడమను. ‘షీ ఈజ్ సాడ్’ నిలబడింది కదా, అడ్జెక్టివ్. ‘హీ ఈజ్ స్లోలీ’ నిలబడదు.

‘బిఫోర్’కి కూడా ఇలాగే ఓ పేరా రాయి: ‘బిఫోర్ లంచ్’లో ప్రిపొజిషన్, ‘బిఫోర్ హీ కేమ్’లో వెనక సబ్జెక్టు, వెర్బ్ ఉన్నాయి కనక కంజంక్షన్, ‘ఐ సా హిమ్ బిఫోర్’లో వెనక ఏమీ లేదు కనక అడ్వర్బ్.

ఇంకోటి, ‘మై’, ‘దిస్’ లాంటివాటిని పాత స్కూలు పుస్తకాలు అడ్జెక్టివ్‌ల్లో కలుపుతాయి, ఇప్పటి డిక్షనరీలు చాలావరకు డిటర్మినర్ (నౌన్ ముందు వచ్చి అది ఏదో, ఎవరిదో తేల్చే పదం) అంటున్నాయి. నాకు రెండోదే నచ్చుతుంది, కానీ పరీక్ష ఆన్సర్ కీ నా ఇష్టం చూసి రాయరుగా! నువ్వు దేన్ని పాటిస్తున్నావో మొదటి పేజీలోనే చెప్పేయ్.

సరిచేసి పంపు. ప్రిపొజిషన్ల చాప్టర్ మాత్రం ఇప్పుడే మొదలుపెట్టకు, ముందు ఇది తేలనీ.